గ్రూప్‌లోంచి వచ్చిన బెస్ట్ సోలో ఆల్బమ్ ఏది? హిప్‌హాప్ అభిమానుల వాదన ఎక్కడ చిక్కుపడుతోంది

హిప్‌హాప్ వినేవాళ్ళ మధ్య ముప్పై ఏళ్ళుగా తెగని పేచీ ఒకటుంది. గ్రూప్‌లో ఉన్న రాపర్లు విడిగా తీసిన ఆల్బమ్‌లలో అన్నిటికన్నా గొప్పది ఏది? ఒకరు వూ-టాంగ్ క్లాన్ అనే గ్రూప్‌లోని జిజా తీసిన 'లిక్విడ్ స్వోర్డ్స్' అంటారు. ఇంకొకరు అదే గ్రూప్‌లోని రేక్వాన్ 'ఓన్లీ బిల్ట్ ఫర్ క్యూబన్ లింక్స్' ఉండగా వేరే పేరెందుకు అంటారు. మధ్యలో ఎవరో లారిన్ హిల్ సంగతేంటని అడగ్గానే, అసలు అది హిప్‌హాప్ ఆల్బమేనా అని కొత్త గొడవ మొదలవుతుంది. డాక్టర్ డ్రే 'ద క్రానిక్' పేరెత్తితే, ఆ ఆల్బమ్ నిండా స్నూప్ డాగ్ అనే ఇంకో రాపర్ గొంతే కదా అని ఎదురు ప్రశ్న వస్తుంది.

2025లో ఈ వాదన మళ్ళీ వేడెక్కింది. వూ-టాంగ్ క్లాన్ 'ది ఫైనల్ ఛాంబర్' పేరుతో వీడ్కోలు టూర్ మొదలుపెట్టింది. అదే వేసవిలో రేక్వాన్ కొత్త ఆల్బమ్ తెచ్చాడు. ఆ గ్రూప్‌లోనే ఉన్న ఘోస్ట్‌ఫేస్ కిల్లా పాతికేళ్ళ నాటి తన 'సుప్రీమ్ క్లయింటెల్'కు రెండో భాగం విడుదల చేశాడు. క్లిప్స్ అనే గ్రూప్‌లోని అన్నదమ్ములు పదిహేనేళ్ళు దాటిన ఎడం తర్వాత మళ్ళీ జంటగా ఆల్బమ్ తీశారు. గ్రూప్ గొప్పదా, మనిషి గొప్పవాడా అన్న పాత లెక్కలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

ఇన్నాళ్ళుగా ఈ వాదనలు వింటుంటే నాకు అర్థమైంది ఇది. చాలామందికి పాటల విషయంలో తేడానే లేదు. అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకేలా వినిపిస్తుంది గానీ, ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. 'సోలో' అంటే ఏమిటో, 'గ్రూప్ సభ్యుడు' అంటే ఎవరో, 'హిప్‌హాప్' ఎక్కడిదాకా వస్తుందో ఎవరి హద్దులు వాళ్ళకున్నాయి. ఆ హద్దులు ఎక్కడ ఉన్నాయో చూస్తే గొడవ సగం విడిపోతుంది.

ఆల్బమ్ ఎవరిది: గొంతుదా, బీట్‌దా?

రాప్ పాటలో రెండు పనులుంటాయి. మాటలు రాసి, లయకు తగ్గట్టు చెప్పేవాడు రాపర్; ఎంసీ అని కూడా అంటారు. అతను ఒక పాటలో చెప్పే భాగాన్ని వెర్స్ అంటారు. ఆ మాటల కింద నడిచే సంగీతం బీట్. బీట్ కట్టేవాడు ప్రొడ్యూసర్. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడని అనుకోకూడదు. సోల్ అనే నల్లజాతి అమెరికన్ సంగీతపు పాత రికార్డుల్లోంచి, సినిమాల్లోంచి చిన్న ముక్కలు కోసి, తిప్పి, వాటికి డ్రమ్స్ జోడించి కొత్త సంగీతం తయారుచేసేది అతనే. అలా కోసి తెచ్చిన ముక్కను శాంపిల్ అంటారు.

మనకు సినిమా పాటల అలవాటు. ఆడియో వచ్చిందనగానే మొదట సంగీత దర్శకుడి పేరు చెప్పుకుంటాం. గాయకుడు ఎంత గొప్పగా పాడినా ఆ ఆల్బమ్ అతనిది అనం. హిప్‌హాప్‌లో లెక్క తిరగబడుతుంది. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండేది రాపర్ పేరు, సంగీతం కట్టినవాడి పేరు లోపలెక్కడో ఉంటుంది. కాబట్టి 'రేక్వాన్ ఆల్బమ్', 'జిజా ఆల్బమ్' అని విడివిడిగా పోల్చుకుంటున్న రెండూ నిజానికి ఒకే సంగీత దర్శకుడు చేయగా మూడు నెలల తేడాలో వచ్చినవి కావచ్చు. అయ్యాయి కూడా.

అసలు ఇన్ని సోలోలు ఎలా వచ్చాయి?

వూ-టాంగ్ క్లాన్ న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్ కేంద్రంగా 1992లో రూపుదిద్దుకుంది. తొమ్మిదిమంది: రిజా, జిజా, ఓల్ డర్టీ బాస్టర్డ్, మెథడ్ మ్యాన్, రేక్వాన్, ఘోస్ట్‌ఫేస్ కిల్లా, ఇన్‌స్పెక్టా డెక్, యూ-గాడ్, మాస్టా కిల్లా. వీళ్ళలో రిజా, జిజా అప్పటికే దెబ్బ తిన్నవాళ్ళు. జిజా 1991లో కోల్డ్ చిల్లిన్ అనే రికార్డు కంపెనీలో ఒక ఆల్బమ్ తీస్తే ఎవరూ పట్టించుకోలేదు. రిజా అదే ఏడాది ప్రిన్స్ రకీమ్ అనే పేరుతో టామీ బాయ్ కంపెనీలో ఒక రికార్డు చేశాడు, అదీ నిలవలేదు.

ఆ అనుభవంతోనే రిజా రెండు పనులు చేశాడు. ఐదేళ్ళు నా మాట వినండి, పగ్గాలు నాకు వదిలేయండి అని తోటివాళ్ళను ఒప్పించాడు. ఇక కంపెనీలతో మాట్లాడేటప్పుడు ఒక్క షరతు మీద గట్టిగా నిలబడ్డాడు: గ్రూప్ ఒక కంపెనీలో ఉంటుంది, సభ్యులు మాత్రం విడిగా ఎవరికి కావాలంటే వాళ్ళకు ఆల్బమ్‌లు చేసుకోవచ్చు. అప్పట్లో కంపెనీలు ఇలాంటి దానికి ఒప్పుకునేవి కావు. గ్రూప్‌తో సంతకం పెట్టించుకుంటే, అందులోని ప్రతి మనిషి సోలో హక్కు కూడా తమకే ఉండేలా రాయించుకోవడం రివాజు. లౌడ్ రికార్డ్స్ ఒప్పుకుంది.

1993 నవంబర్‌లో గ్రూప్ మొదటి ఆల్బమ్ 'ఎంటర్ ద వూ-టాంగ్' వచ్చింది. తర్వాత మెథడ్ మ్యాన్ డెఫ్ జామ్‌కు వెళ్ళాడు, ఓల్ డర్టీ బాస్టర్డ్ ఎలెక్ట్రాకు, జిజా గెఫెన్‌కు, ఘోస్ట్‌ఫేస్ ఎపిక్‌కు. రేక్వాన్ లౌడ్‌లోనే ఉండిపోయాడు. వ్యాపారంగా చూస్తే ఇందులో ఉన్న తెలివి అసాధారణం. ఐదు కంపెనీలు ఎవరి ఖర్చుతో వాళ్ళు ప్రచారం చేశాయి. పెరిగింది మాత్రం ఒక్క వూ-టాంగ్ పేరే.

ఫలితం: 1994 నవంబర్‌లో మెథడ్ మ్యాన్ 'టికాల్', 1995 మార్చిలో ఓల్ డర్టీ బాస్టర్డ్ 'రిటర్న్ టు ద 36 ఛాంబర్స్', ఆగస్టులో రేక్వాన్ 'క్యూబన్ లింక్స్', నవంబర్‌లో జిజా 'లిక్విడ్ స్వోర్డ్స్', 1996 అక్టోబర్‌లో ఘోస్ట్‌ఫేస్ 'ఐరన్‌మ్యాన్'. రెండేళ్ళలో ఐదు ఆల్బమ్‌లు. దాదాపు అన్నిటి సంగీతమూ రిజాదే.

సోలో ఆల్బమ్‌ల వాదన ఎక్కడ మొదలైనా చివరికి వూ-టాంగ్ దగ్గరికే చేరడానికి కారణం ఇదే. వేరే గ్రూప్‌లలో సోలో అంటే ఎక్కువసార్లు విడిపోవడం. వీళ్ళకు అది మొదటి రోజు నుంచీ పథకంలో భాగం.

రెండు ఆల్బమ్‌లు, దగ్గరగా

'క్యూబన్ లింక్స్' క్యాసెట్ ఊదా రంగులో వచ్చింది. అభిమానులు ఇప్పటికీ దాన్ని 'పర్పుల్ టేప్' అనే పిలుస్తారు. మత్తుమందుల వ్యాపారంలో ఉన్న ఇద్దరు స్నేహితులు ఇక చాలు, ఒక పెద్ద దెబ్బ కొట్టి దీన్నుంచి బయటపడాలి అనుకునే కథ అది. ఒక సినిమాలా నడుస్తుంది. జాన్ వూ తీసిన హాంకాంగ్ సినిమా 'ద కిల్లర్' డైలాగులు పాటల మధ్య వినిపిస్తాయి. రాపర్లంతా మాఫియా తరహా మారుపేర్లు పెట్టుకున్నారు. అట్ట మీదే సినిమా టైటిల్స్ పద్ధతిలో 'గెస్ట్ స్టారింగ్' అంటూ ఘోస్ట్‌ఫేస్ మారుపేరు టోనీ స్టార్క్స్ అచ్చువేశారు. ఆల్బమ్‌లో సగానికి పైగా పాటల్లో అతని గొంతు ఉంది. క్వీన్స్‌కు చెందిన నాస్ ఒక పాటలో వచ్చాడు. బయటి రాపర్‌కు వూ-టాంగ్ ఆల్బమ్‌లో చోటు దొరకడం అదే మొదలు.

'లిక్విడ్ స్వోర్డ్స్' స్వభావమే వేరు. మొదలవ్వగానే ఒక పసివాడి గొంతు. తన తండ్రి జపాన్ పాలకుడైన షోగన్ దగ్గర తలలు నరికే ఉద్యోగి అని, ఎలా ఆ కుటుంబం నాశనమైందని చెబుతుంటాడు. అది జపాన్ సమురాయ్ సినిమాలను కోసి ఇంగ్లిష్‌లో తయారుచేసిన 'షోగన్ అసాసిన్' అనే 1980 నాటి సినిమాలోది. ఆ చల్లదనం ఆల్బమ్ చివరిదాకా వదలదు. జిజా అరవడు, తొందరపడడు, ఒక్క మాట వృథా చేయడు. 'లేబుల్స్' అనే పాటలో రికార్డు కంపెనీల పేర్లనే వరసగా వాక్యాల్లోకి అల్లుకుంటూ, సంతకం పెట్టే ముందు ఆ కంపెనీల సంగతి తెలుసుకోండని కుర్ర రాపర్లను హెచ్చరిస్తాడు. ఒకసారి మోసపోయినవాడి చేదు అంతా అందులో ఉంది, కానీ ఎక్కడా గొంతు పెరగదు. ఇంకో పాట పేరు 'కిల్లా హిల్స్ 10304'. చివరి అంకెలు స్టాటెన్ ఐలాండ్‌లో ఒక పిన్‌కోడ్.

ఇంత జిజాదిగా అనిపించే ఆల్బమ్‌లో చివరి పాటలో జిజా లేడు. 'బి.ఐ.బి.ఎల్.ఇ' అనే ఆ పాట మొత్తం కిల్లా ప్రీస్ట్ అనే సహచరుడు చెప్పాడు. అంతేకాదు, వూ-టాంగ్ సభ్యులు తొమ్మిదిమందీ ఎక్కడో ఒకచోట ఈ ఆల్బమ్‌లో వినిపిస్తారు. సోలో అని పేరు పెట్టుకున్న ఆల్బమ్‌లో.

తీసేసి చూస్తే ఏం మిగులుతుంది?

'సోలో' అనే మాటను కొలవడానికి తేలిక పద్ధతి ఒకటుంది. ఒక మనిషిని మనసులో తీసేసి, ఆల్బమ్ నిలబడుతుందా అని చూడటం.

'క్యూబన్ లింక్స్'లోంచి ఘోస్ట్‌ఫేస్‌ను తీసేస్తే కథలో రెండో పాత్ర పోతుంది. మిగిలేది వేరే ఆల్బమ్. దీనికి ఊహతో పని లేదు, నిజంగానే రుజువుంది. రేక్వాన్ 1999లో రెండో ఆల్బమ్ 'ఇమ్మొబిలారిటీ' తీశాడు. అందులో ఘోస్ట్‌ఫేస్ లేడు, రిజా బీట్లూ లేవు. మాటలు అదే మనిషివి, అనుభవం ఇంకా పెరిగింది, అయినా దాన్ని మొదటిదాని పక్కన పెట్టేవాళ్ళు దాదాపు లేరు. పదేళ్ళ తర్వాత, 2009లో 'క్యూబన్ లింక్స్' రెండో భాగం వచ్చింది. ఈసారి ఘోస్ట్‌ఫేస్ తిరిగొచ్చాడు. బీట్లు మాత్రం రిజా ఒక్కడివి కావు. డాక్టర్ డ్రే, జే డిల్లా, పీట్ రాక్ లాంటివాళ్ళ బీట్లు కలిశాయి. అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఒకటే: 'క్యూబన్ లింక్స్' ప్రాణం రిజా బీట్లకంటే ఆ ఇద్దరి జోడీలో ఉంది. దాన్ని జంట ఆల్బమ్ అనడమే న్యాయం.

'లిక్విడ్ స్వోర్డ్స్'లో అతిథులను తీసేస్తే? కొన్ని మంచి వెర్స్‌లు పోతాయి. మెథడ్ మ్యాన్ 'షాడోబాక్సిన్'లో చేసింది పోవడం చిన్న నష్టం కాదు. కానీ ఆల్బమ్ స్వరం మారదు. రిజాను తీసేస్తే మాత్రం కూలిపోతుంది. అంటే గొంతు లెక్కన ఇది సోలో, సంగీతం లెక్కన జంట.

దీనికి ఎదురువాదం కూడా బలమైనదే. హిప్‌హాప్ పుట్టుకే వీధిలో, గుంపులో అయింది. ఒంటరిగా చేస్తేనే సోలో అనడం ఆ సంగీతాన్ని అర్థం చేసుకోకపోవడమే అంటారు కొందరు. స్నేహితులను ఎక్కడ నిలబెట్టాలో, ఎప్పుడు తను తప్పుకోవాలో తెలియడం కూడా ఆ ఆల్బమ్ యజమాని ప్రతిభే అన్నది వాళ్ళ మాట. జిజా తన ఆల్బమ్ చివరి పాటను వేరొకరికి ఇచ్చి పక్కకు జరిగాడంటే, ఆ తీర్మానం జిజాదే కదా.

ఎన్.డబ్ల్యూ.ఏ: ఒకే గ్రూప్, మూడు రకాల సోలోలు

ఈ చిక్కును ఇంకా స్పష్టంగా చూపించే గ్రూప్ అమెరికా పడమటి తీరంలో ఉండేది. లాస్ ఏంజెలస్ పక్కనున్న కాంప్టన్‌కు చెందిన ఎన్.డబ్ల్యూ.ఏ నుంచి వచ్చిన మూడు ఆల్బమ్‌లు తీసుకుందాం.

ఈజీ-ఈ 'ఈజీ-డజ్-ఇట్' 1988లో, గ్రూప్ నడుస్తుండగానే వచ్చింది. సంగీతం అదే గ్రూప్‌లోని డాక్టర్ డ్రే, డీజే యెల్లాలది. మాటలు ఎక్కువగా ఐస్ క్యూబ్, ఎంసీ రెన్, డీ.ఓ.సీలు రాసినవి. పేరు, గొంతు, కంపెనీ ఈజీవి. పని మొత్తం గ్రూప్‌ది.

ఐస్ క్యూబ్ 1989 చివర్లో డబ్బు లెక్కల దగ్గర తగాదా వచ్చి గ్రూప్ వదిలేశాడు. డ్రేతో ఆల్బమ్ చేయాలనుకున్నా కుదరలేదు. దేశానికి ఆ చివరి నుంచి ఈ చివరికి, న్యూయార్క్ వెళ్ళి, పబ్లిక్ ఎనిమీ గ్రూప్‌కు సంగీతం కట్టే బాంబ్ స్క్వాడ్‌ను పట్టుకున్నాడు. 1990 మే నెలలో 'అమెరికాస్ మోస్ట్ వాంటెడ్' వచ్చింది. పాత గ్రూప్ సాయం అందులో ఏమీ లేదు. గ్రూప్‌లో ఉండగా తను రాసినవి ఇతరుల నోట పలికేవి, ఇప్పుడు అన్నీ తన నోటే పలికాయి. గ్రూప్ నీడ లేకుండా నిలబడటమే సోలో అనుకుంటే, మొత్తం ఈ వాదనలో దీనికంటే గట్టి అభ్యర్థి దొరకడం కష్టం.

మూడోది డాక్టర్ డ్రే 'ద క్రానిక్', 1992 డిసెంబర్. ఆల్బమ్ అంతటా ఎక్కువగా వినిపించేది అప్పటికి ఇంకా సొంత ఆల్బమ్ లేని స్నూప్ డాగ్. డ్రే నోట వచ్చే మాటల్లో కూడా చాలావరకు స్నూప్, డీ.ఓ.సీ లాంటివాళ్ళు రాసిపెట్టినవి. కానీ ఆ ధ్వని, ఆ నెమ్మదైన బరువైన బేస్, ఆ సన్నటి సింథసైజర్ కూత అంతా డ్రే కట్టిందే. తర్వాత కొన్నేళ్ళపాటు పడమటి తీరపు రాప్ అంతా ఆ శబ్దం వెంటే నడిచింది.

ఇప్పుడు 'లిక్విడ్ స్వోర్డ్స్', 'ద క్రానిక్' పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో మాటలు యజమానివి, సంగీతం వేరొకరిది. రెండోదాంట్లో సంగీతం యజమానిది, మాటలు చాలావరకు వేరేవాళ్ళవి. 'డ్రే తన మాటలు తను రాసుకోలేదు, కాబట్టి అది సోలో కాదు' అనేవాళ్ళు, జిజా తన బీట్లు తను కట్టుకోలేదన్న సంగతి దగ్గర మాత్రం ఎందుకు ఊరుకుంటారో జవాబు చెప్పాలి. చాలామంది దగ్గర ఉండే జవాబు ఒక్కటే: రాప్‌లో మాట గొప్పది, మిగతావన్నీ దాని తర్వాతే. అది ఒక అభిప్రాయం, గౌరవించదగిందే. కానీ అది అభిప్రాయమని తెలిసి వాదిస్తే మంచిది.

లారిన్ హిల్ దగ్గర వచ్చే ప్రశ్న

ఫ్యూజీస్ గ్రూప్‌లోని లారిన్ హిల్ 1998 ఆగస్టులో 'ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్' విడుదల చేసింది. మొదటి వారంలోనే 4 లక్షల 20 వేల కాపీలకు పైగా అమ్ముడైంది. 1999 గ్రామీల్లో ఆమెకు 5 అవార్డులు వచ్చాయి. అందులో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ కూడా ఉంది. హిప్‌హాప్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి అని రాస్తుంటారు.

అయితే అదే రాత్రి ఆమెకు బెస్ట్ ఆర్ అండ్ బీ ఆల్బమ్ అవార్డు వచ్చింది. బెస్ట్ రాప్ ఆల్బమ్ రాపర్ జే-జీకి వెళ్ళింది. అంటే అవార్డు ఇచ్చినవాళ్ళే దాన్ని రాప్ అరలో పెట్టలేదు. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం పాట, తక్కువ భాగం రాప్ అన్నది నిజం. కానీ 'లాస్ట్ వన్స్' ఒక్కటి వినండి. మొదటి నుంచి చివరిదాకా పదును తగ్గని రాప్ అది. ఆ ఒక్క పాటలో ఆమె చూపించిన పట్టు, ఈ వాదనలో పేరొచ్చే మగవాళ్ళలో చాలామందికి ఆల్బమ్ మొత్తం మీద దొరకదు. పాడటం కూడా వచ్చు కాబట్టి ఆమె జాబితాలోంచి బయటికి పోవాలనడం నాకు ఏ కోణంలోనూ న్యాయంగా కనిపించదు.

ఇదే ప్రశ్న ఔట్‌కాస్ట్ అనే ఇద్దరి గ్రూప్ దగ్గర ఇంకో రూపంలో వస్తుంది. 2003లో వచ్చిన 'స్పీకర్‌బాక్స్/ద లవ్ బిలో' అట్ట మీద గ్రూప్ పేరే ఉంది, లోపల మాత్రం రెండు డిస్కులు. ఒకటి బిగ్ బాయ్‌ది, రెండోది ఆండ్రే 3000ది. నిజానికి అవి రెండు సోలో ఆల్బమ్‌లు. ఆండ్రే డిస్కులో రాప్ చాలా తక్కువ. అయినా 2004లో ఇది ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్‌తో పాటు బెస్ట్ రాప్ ఆల్బమ్ కూడా గెలిచింది. లారిన్ హిల్‌కు వర్తించిన గీత ఐదేళ్ళలో చెరిగిపోయిందన్నమాట. ఇక 2023లో ఆండ్రే తన పేరు మీద విడుదల చేసిన మొదటి పూర్తి ఆల్బమ్‌లో రాప్ అసలే లేదు, మొత్తం వేణువు లాంటి వాద్యాలే.

సభ్యుడు అంటే ఎవరు?

50 సెంట్ జీ-యూనిట్ సభ్యుడు. ఎమినెమ్ డీ12 సభ్యుడు. మరి వాళ్ళ సోలోలు ఈ జాబితాలోకి వస్తాయా? చాలామంది ఒప్పుకోరు. జీ-యూనిట్ మొదటి ఆల్బమ్ వచ్చింది 2003 నవంబర్‌లో, 50 సెంట్ సొంత ఆల్బమ్ దుమ్ము రేపిన తొమ్మిది నెలలకు. డీ12 మొదటి ఆల్బమ్ 2001లో వచ్చేసరికే ఎమినెమ్ ప్రపంచానికంతా తెలుసు. అక్కడ గ్రూప్ ఆ మనిషి నీడలో పెరిగింది. గ్రూప్ వల్ల తెలిసిన మనిషి ఒంటరిగా ఏం చేశాడన్నది అసలు ప్రశ్న అయినప్పుడు వీళ్ళిద్దరినీ పక్కన పెట్టడమే సబబు.

హ్యూస్టన్‌కు చెందిన గెటో బాయ్స్ నుంచి వచ్చిన స్కార్‌ఫేస్ విషయంలో ఇలాంటి పేచీ ఏమీ లేదు. 1994 నాటి 'ద డైరీ' ఏ కొలత తీసుకున్నా నిలబడుతుంది. అయినా పేరు తక్కువగా వినిపిస్తుంది. ఈ జాబితాలు తయారుచేసే అలవాటు న్యూయార్క్ చుట్టూ పెరిగిందన్న దక్షిణాది అభిమానుల ఫిర్యాదులో నిజముంది.

అమ్మకాలు చూస్తే తేలదా?

తేలదు. వూ-టాంగ్‌తో కలిసి నడిచిన కప్పడోనా 1998లో తీసిన 'ద పిల్లేజ్' అమెరికా అమ్మకాల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ జాబితాలో 3వ స్థానం దాకా వెళ్ళింది. 'క్యూబన్ లింక్స్' 4వ స్థానం, 'లిక్విడ్ స్వోర్డ్స్' 9వ స్థానం. 'ద పిల్లేజ్' వీటికంటే గొప్పదని వాదించే అభిమాని నాకింతవరకు తగల్లేదు. 1997లో గ్రూప్ రెండో ఆల్బమ్ నేరుగా 1వ స్థానంలో దిగింది కాబట్టి, ఆ మరుసటి ఏడాది వూ-టాంగ్ గుర్తు ఉన్న దేన్నైనా జనం కొన్నారు. 'లిక్విడ్ స్వోర్డ్స్' అమెరికాలో 10 లక్షల కాపీల ప్లాటినం గుర్తింపు అందుకుంది 2015లో, వచ్చిన ఇరవై ఏళ్ళకు. మొదటి వారం అమ్మకాలు పేరు బలాన్ని చెబుతాయి. ఆల్బమ్ బలం తెలియడానికి అంతకాలం పట్టింది.

మెథడ్ మ్యాన్ కథ ఇంకోలా ఉంది. ఐదుగురిలో మొదట స్టార్ అయింది అతనే. మేరీ జే బ్లైజ్‌తో కలిసి చేసిన పాటకు 1996లో గ్రామీ వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ గ్రామీ వచ్చిన రూపం 'టికాల్' ఆల్బమ్‌లో లేదు, తర్వాత విడిగా వచ్చింది. మనిషికి వచ్చిన పేరు వేరు, ఆల్బమ్‌కు దక్కే చోటు వేరు.

నా ఓటు, దాని వెనక లెక్క

ఘోస్ట్‌ఫేస్ 'సుప్రీమ్ క్లయింటెల్'. 2000 ఫిబ్రవరిలో వచ్చింది. వూ-టాంగ్‌కు గ్రహణం పట్టిన రోజులవి. 1998, 1999ల్లో వరసగా వచ్చిన సోలోలు చప్పగా సాగాయి, మొదటి ఐదేళ్ళ పథకం ముగిసింది, రిజా అన్నిటికీ బీట్లు కట్టే రోజులు పోయాయి. ఘోస్ట్‌ఫేస్ ఆఫ్రికాలోని బెనిన్‌కు వెళ్ళి, అక్కడే కొన్ని మాటలు రాసుకొచ్చాడు. ఆల్బమ్ బీట్లు అనేకమంది దగ్గర నుంచి వచ్చాయి. 'మైటీ హెల్దీ' బీట్ మ్యాథమెటిక్స్ కట్టాడు, గ్రూప్ గుర్తు గీసిన మనిషి అతను. రిజా పైనుంచి చూసుకుని అన్నిటినీ ఒక ధ్వనిలోకి తెచ్చాడు.

మాటల విషయానికొస్తే, ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ మామూలు అర్థంలో లంకె దొరకదు. తిండి పేర్లు, బట్టల పేర్లు, వీధి, చిన్ననాటి జ్ఞాపకం, బెదిరింపు అన్నీ ఒక్క ఊపిరిలో దొర్లిపోతాయి. అయినా వింటున్నప్పుడు ఒక్క క్షణం కూడా అతని చెయ్యి వదిలినట్టు అనిపించదు. ఇందులోంచి ఏ అతిథిని తీసేసినా, ఏ బీట్ మార్చినా ఆల్బమ్ నిలబడుతుంది. ఘోస్ట్‌ఫేస్‌ను తీసేస్తే ఏమీ మిగలదు. 'క్యూబన్ లింక్స్' అట్ట మీద అతిథిగా పేరు వేయించుకున్న మనిషి, ఐదేళ్ళ తర్వాత ఒంటిచేత్తో ఈ పని చేశాడు.

'లిక్విడ్ స్వోర్డ్స్' ఎక్కువసార్లు వింటాను. ఆల్బమ్‌గా అదే గొప్పదని ఎవరైనా అంటే కాదనను. కానీ అడిగింది సోలో గురించి.

రాని ఆల్బమ్, గొంతు లేని ఆల్బమ్

ఈ వాదనలో రెండు పేర్లకు ఎప్పుడూ తగిన చోటు దొరకదు.

మొదటిది ఇన్‌స్పెక్టా డెక్. గ్రూప్ పాటల్లో అతని వెర్స్‌లు ఎంత బలమైనవంటే, 1997 నాటి 'ట్రయంఫ్'ను మొదలుపెట్టిన అతని భాగాన్ని హిప్‌హాప్‌లోకెల్లా గొప్ప వెర్స్‌గా చెప్పేవాళ్ళు ఎందరో. మరి గొప్ప సోలో ఎందుకు లేదు? రిజా స్టూడియో ఇంటి కింద నేలమాళిగలో ఉండేది. అందులోకి వరద నీళ్ళొచ్చి వందల బీట్లు పోయాయి. డెక్ కోసం కట్టి ఉంచినవీ వాటితోనే పోయాయి. అతని మొదటి ఆల్బమ్ 1999 అక్టోబర్‌కు గానీ రాలేదు, అప్పటికి గాలి మళ్ళింది. జాబితాలో ఎవరు ఉన్నారన్నది ప్రతిభ ఒక్కదాని వల్లే తేలలేదు. ఎవరి వంతు ముందొచ్చింది, ఎవరి బీట్లు నీళ్ళపాలయ్యాయి అన్నది కూడా తేల్చింది.

రెండోది డెట్రాయిట్‌కు చెందిన జే డిల్లా. స్లమ్ విలేజ్ గ్రూప్‌లో రాప్ చెప్పడం, బీట్లు కట్టడం రెండూ చేసేవాడు. 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున 'డోనట్స్' విడుదలైంది. మూడు రోజుల తర్వాత చనిపోయాడు. ఆల్బమ్‌లో 31 చిన్న ముక్కలున్నాయి, డిల్లా రాప్ ఒక్క వెర్స్ కూడా లేదు. వినిపించే గొంతులన్నీ పాత రికార్డుల్లోంచి కోసినవి.

రాప్‌లో మాటే ముఖ్యం అనుకునేవాళ్ళు 'డోనట్స్'ను జాబితాలోంచి తీసేస్తారు, అప్పుడు 'ద క్రానిక్'ను కూడా తీసేయక తప్పదు. బీట్ కట్టినవాడిదే ఆల్బమ్ అనుకునేవాళ్ళకు 'డోనట్స్' అన్నిటికంటే నికార్సైన సోలో అవుతుంది, ఎందుకంటే రాపర్ ఎవరూ లేరు, అతిథి వెర్స్ లేదు, రాసిచ్చిన మాట లేదు. కానీ అదే లెక్కన 1994 నుంచి 1996 దాకా వూ-టాంగ్ పేరుతో వచ్చిన ఐదు సోలోలకూ అసలు యజమాని రిజా అని ఒప్పుకోవాలి.